బొట్టు పెట్టి పిలవని ఇల్లు

కొత్తపేట చుట్టుపక్కల ఎవరింట శుభకార్యం తలపెట్టినా, పంతులుగారు ముహూర్తం పెట్టాక చేసే మొదటి పని సీతారత్నానికి కబురంపడం. ఆడపిల్లకి సారె పంపాలంటే ఆవిడ చేతి మడతకాజాలూ సున్నుండలూ ఉండాల్సిందే. బాణలిలో నూనె చప్పుడు విని కాజా పొర విడిందో లేదో చెప్పేస్తుందని ఆవిడకో పేరుంది. అందులో నిజమెంతో తెలియదు గానీ, ఆ పేరు పుట్టించింది మాత్రం ఆవిడే.

అయితే కాజాలకన్నా ఆవిడకి ఎక్కువ గౌరవం తెచ్చిపెట్టినవి మర్యాదలు. పెళ్ళికి ఎవరిని ఎవరు వెళ్ళి పిలవాలి, ముందు ఎవరికి బొట్టు పెట్టాలి, వియ్యపురాలు మూతి ముడిస్తే ఎవరు వెళ్ళి బతిమాలాలి, ఇలాంటి ధర్మసందేహాలన్నీ ఆవిడ పొయ్యి దగ్గరికే వచ్చేవి. ఆవిడ చిల్లుల గరిటె పైకెత్తి తీర్పు చెప్పేది. దాని మీద అప్పీలు లేదు. ఇంటికొచ్చి, గడప దాటి లోపలికొచ్చి, నుదుట బొట్టు పెట్టి పిలిస్తేనే పిలుపు. సంతలో ఎదురుపడి మా ఇంటికి రండి అంటే అది పలకరింపు. ఫోన్లో చెబితే అది ఉత్త సమాచారం. ఈ శాస్త్రంలో ఆవిడ ఒప్పుకున్న మినహాయింపు ఒక్కటే. జబ్బుకీ చావుకీ పిలుపు ఉండదు. కబురు చెవిన పడ్డాక కట్టుకున్న చీరతోనే బయల్దేరాలి.

అలాంటి సీతారత్నం మొన్న మాఘమాసంలో చెప్పుల్లేకుండా వాడపల్లికి నడక మొదలుపెట్టేసరికి ఊరంతా ముక్కున వేలేసుకుంది. వీధి చివర కిరాణా కొట్టుకి కూడా మొగుడి మోపెడ్ వెనక కూర్చుని వెళ్ళే మనిషి ఆవిడ. వయసు యాభై దాటింది, మోకాళ్ళు ఎప్పుడో అలిగాయి. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాల మొక్కు చాలామంది మొక్కుకుంటారు. ఏడు శనివారాలూ వరసగా వెళ్ళాలి, వెళ్ళిన ప్రతిసారీ గుడి చుట్టూ ఏడు ప్రదక్షిణలు చెయ్యాలి, మధ్యలో ఒక్క వారం తప్పితే మళ్ళీ మొదటికొస్తుంది. బస్సుల్లో వెళ్ళేవాళ్ళు బస్సుల్లో, కార్లున్నవాళ్ళు కార్లలో వెళ్ళొస్తారు. కోరిక బరువైనదైతే నడిచి వెళతారు.

మరి ఈవిడకి అంత బరువైన కోరికేమిటా అని అందరూ ఆరా తీశారు. మొక్కు తీరేదాకా నోరు విప్పకూడదని ఆవిడ నమ్మకం. ఆవిడ చెప్పకపోతే ఊరు ఊరుకుంటుందా. కూతురు హేమ నీళ్ళాడే రోజులు దగ్గరపడ్డాయి కదా, అందుకే అన్నారు కొందరు. కాదు, గంగబాబు చేత పేకాట మాన్పించడానికి అన్నారు మరికొందరు. గంగబాబంటే ఆవిడ భర్తే. రావులపాలెం గెలల మార్కెట్లో అరటి లోడింగ్ చూసుకుంటూ ఉంటాడు. ఆ మాట చెవిన పడి ఆయన రెండు వారాలు పేక ముట్టుకోలేదు. వెంకన్న విన్నాడో లేదో గానీ గంగబాబు మాత్రం విన్నాడు.

అసలు సంగతి ఎవరికీ తట్టలేదు. ఆవిడ నడుస్తున్నది చెల్లెలి కోసం. నాలుగేళ్ళుగా మాటల్లేని చెల్లెలి కోసం.

చెల్లెలు లక్ష్మీతులసి ఆవిడకన్నా పదేళ్ళు చిన్నది. తల్లికి ఒంట్లో బాగుండేది కాదు, అందుకని చంకనేసుకుని తిప్పింది, జడ వేసింది, బడికి దిగబెట్టింది అన్నీ అక్కే. తులసి భర్త మస్కట్లో పని చేస్తాడు. కడుపు కట్టుకుని, రావులపాలెం అవతల కాలవ గట్టు రోడ్డు మీద ఉన్న తమ ఊళ్ళో, రోడ్డు వారనే కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి తులసి అత్తవారి వైపు ఊళ్ళన్నీ తిరిగి బొట్లు పెట్టింది. మొగుడి పెత్తండ్రి కోడళ్ళకి పెట్టింది, తాపీమేస్త్రి భార్యకి పెట్టింది, సిమెంటు కొట్టాయన తల్లికి కూడా పెట్టింది. సొంత అక్కకి ఫోన్లో కార్డు పంపింది. కార్డు మీద దీపం మినుకుమినుకుమంటోంది, రెండు చేతులు నమస్కారం పెడుతున్నాయి, పైన చిన్న అక్షరాల్లో ఫార్వర్డ్ అయిందని కూడా ఉంది. అంటే ఎవరికో పంపింది ఈవిడకి తోశారన్నమాట.

ఆ కార్డు వచ్చే వేళకి సీతారత్నం ఒక పెళ్ళివారింట పొయ్యి ముందు, చుట్టూ డజను మంది ఆడవాళ్ళ మధ్యన ఉంది. ఫోను చేతిలో ఉన్న తోడికోడలు కార్డు పైకి చదివి, "మర్యాదలకి మీ ఇల్లే పుట్టిల్లండి అక్కయ్యగారూ" అని కిసుక్కున నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. సీతారత్నం ఏడవలేదు. కాజాలు మాడ్చేసింది. ఆవిడ జీవితంలో మాడిన వాయి అదొక్కటే.

తులసి లెక్క వేరు. పరాయివాళ్ళని పిలవాలి గానీ అక్కని పిలవడమేమిటి, ముందురోజే వచ్చి పొయ్యి తనే వెలిగిస్తుంది అనుకుంది. ఆ ముందురోజు పొద్దుపోయేదాకా పొయ్యి వెలిగించకుండా అలాగే ఉంచింది. అక్క రాలేదు. చివరికి వంటవాడెవడో వచ్చి వెలిగించాడు. ఆ పొయ్యి సంగతి అక్కకి తెలియదు, ఈ కాజాల సంగతి చెల్లెలికి తెలియదు. ముందు నువ్వు రా అంటే ముందు నువ్వు రా అని ఇద్దరూ మనసుల్లో అనుకుంటూనే నాలుగేళ్ళు గడిపేశారు. గంగబాబు మాత్రం గృహప్రవేశం రోజున మార్కెట్లో పనుందని బయల్దేరి, చొక్కా మీద పప్పుచారు మరకతో తిరిగొచ్చాడు. ఆ మరకేమిటని సీతారత్నం అడగలేదు. ఉతికి ఆరేసింది.

పోయిన కార్తీకంలో తులసి కడుపులో గడ్డ ఉందని, రాజమండ్రిలో పెద్ద ఆపరేషన్ చేస్తున్నారని కబురొచ్చింది. సీతారత్నం తన శాస్త్రం ప్రకారమే కట్టుకున్న చీరతో బయల్దేరింది. రావులపాలెం బస్టాండులో రాజమండ్రి బస్సు సిద్ధంగా ఉంది. మెట్టు మీద కాలు కూడా పెట్టింది. అప్పుడొచ్చింది ఆ పాడు ఆలోచన. ఆసుపత్రి వరండాలో తులసి అత్తవారివాళ్ళంతా ఉంటారు. పిలవని పేరంటానికి వచ్చినట్టు ఇప్పుడొచ్చిందేమిటని ఎవరో ఒకరు మూతి తిప్పుతారు. కాలు కిందికి దించింది. బస్సు వెళ్ళిపోయింది. తరవాత బస్సు కూడా వెళ్ళిపోయింది. అరటిగెలల లారీలు వచ్చిపోతుంటే సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుని, ఇంటికి తిరిగొచ్చేసింది.

ఆ బెంచీ మీదే మొక్కుకుంది. తులసి లేచి ఇంటికొస్తే ఏడు శనివారాలు నీ కొండకి కాదు గానీ నీ గుడికి నడిచొస్తాను స్వామీ అని. తులసి నెల్లాళ్ళకి ఇంటికొచ్చింది. ఆసుపత్రి దాకా మొయ్యని కాళ్ళని వాడపల్లి దాకా నడిపించడమే వాటికి సరైన శిక్ష అని సీతారత్నం తీర్మానించుకుంది.

చిక్కల్లా ఒక్కటే. వాడపల్లి దారి తులసి గేటు ముందునుంచే పోతుంది. ఏటిగట్టు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళొచ్చు. కానీ మొక్కుకున్నది దేవుడికి, దొంగదారిన వెళ్ళడమేమిటని ఆవిడకే అనిపించింది. నిజానికి దొంగదారిన వెళితే చెల్లెలి ఇల్లు కనబడదు. ఆ మాట తనకి తనే చెప్పుకోలేదు.

మొదటి శనివారం తొలికోడి కూయకముందే ఊళ్ళోని నడకవాళ్ళతో బయల్దేరింది. దర్శనం అయ్యేదాకా ఏమీ తినకూడదు, మంచినీళ్ళు తప్ప. వెనకాలే మోపెడ్ మీద గంగబాబు. నడిచే మనిషి వెనక నడిపితే బండి పదడుగులకోసారి ఆగిపోతోందని ఆయన ముందుకెళ్ళి కాచుకోవడం మొదలుపెట్టాడు. కాచుకున్న చోటల్లా ఏదో ఒక హోటలు ఉండేది. కొత్తపేటలో ఇడ్లీ, రావులపాలెంలో పెసరట్టు, దాటాక టీ. భార్య ఉపవాసానికి తోడుగా ఆయన చేసిన త్యాగం ఆ టీలో పంచదార తగ్గించమనడం.

చీకట్లో కంకర ఎంత చల్లగా ఉంటుందో, ఎంత గుచ్చుకుంటుందో సీతారత్నానికి ఆరోజే తెలిసింది. తెల్లారేసరికి కాలవ గట్టు ఎక్కారు. తోటివాళ్ళు గోవిందా అంటుంటే ఈవిడ కూడా గోవిందా అంది, కాకపోతే కాలి కింద రాయి పడినప్పుడల్లా కొంచెం గట్టిగా అంది. తులసి ఊరు రాగానే కొంగు తలమీదుగా కప్పుకుని, కళ్ళు రోడ్డు మీద పెట్టింది. పెట్టినా కనబడింది. కిటికీ తెర కదిలింది. తెర వెనక ఎవరో నిలబడ్డారు.

ఆ పక్కిల్లు దానియేలు మాస్టారిది. రిటైరైన టీచరు. శనివారం నడకవాళ్ళ కోసం ఆయనా, భార్య హన్నాగారూ గేటు ముందు కడవలతో మంచినీళ్ళు పెట్టించి, రెండు కుర్చీలు వేయించేవారు. ఆదివారం ఎలాగూ తీరిక ఉండదు కాబట్టి శనివారం పుణ్యం ఇలా సంపాదిస్తున్నానని ఆయన నవ్వుతూ చెప్పేవాడు. సీతారత్నం ఆ కుర్చీలో కూర్చోదు. కూర్చుంటే పక్కింటి వైపు మొహం పెట్టాలి. నిలబడే నీళ్ళు తాగి, గ్లాసు అందించి, వెళ్ళిపోయేది.

తిరుగు ప్రయాణం మోపెడ్ మీదే. మొక్కు వెళ్ళేటప్పుడు నడవడానికే గానీ వచ్చేటప్పుడు కాదు, ఈ విషయంలో ఆవిడ శాస్త్రం మోకాళ్ళ పక్షమే. తులసి ఇల్లు దగ్గరపడగానే తొందరగా పోనివ్వండి అనేది. గంగబాబు ఆయ్ అనేవాడు. పెళ్ళయిన దగ్గర్నించీ భార్య మాటకి ఆయన చెప్పే జవాబు అదొక్కటే. అని, సరిగ్గా ఆ గేటు ముందు బండి నెమ్మది చేసేవాడు. ఇక్కడ స్పీడు బ్రేకరుందే అనేవాడు. అక్కడ ఏ బ్రేకరూ లేదు.

రెండో శనివారం తులసి గుమ్మంలో కనబడింది. ద్వారబంధం పట్టుకుని నిలబడింది. చిక్కి సగమైంది. సీతారత్నం గుండె కలుక్కుమంది, వెంటనే కోపమొచ్చింది. చూడ్డానికి వచ్చింది గానీ పిలవడానికి రాలేదు అనుకుంది. మూడో వారం తులసి మెట్ల మీదకి వచ్చింది. నాలుగో వారం వాకిట్లో పొట్టి కొబ్బరిమొక్క దాకా వచ్చి, దాని మట్ట పట్టుకుని నిలబడింది. పొగరు కాకపోతే ప్రతివారం ఇంకాస్త ముందుకొచ్చి నిలబడ్డమేమిటి, నేనెలా దాటిపోతానో దగ్గర్నించి చూద్దామనా అని దారి పొడుగునా వెంకన్నకి ఫిర్యాదు చేసింది సీతారత్నం. ఆయన గుళ్ళో అందరివీ వింటాడు గానీ ఈవిడవి మాత్రం రోడ్డు మీదే వినాల్సొచ్చేది.

అయిదో శనివారానికి ఎండలు ముదిరాయి. పొద్దెక్కేసరికి తారురోడ్డు పెనంలా కాలిపోతోంది. అరికాలి బొబ్బ చితికి, సరిగ్గా తులసి గేటు ముందుకొచ్చేసరికి సీతారత్నం కుంటడం మొదలుపెట్టింది. తులసి ఆరోజు గేటు దగ్గరే ఉంది, ఊచలు పట్టుకుని. అక్క కాలు చూసింది. చెయ్యి గడియ మీదకి వెళ్ళింది. సీతారత్నం అది చూసి నడక తగ్గించింది. పిలుస్తుందేమోనని ఈవిడ, ఆగుతుందేమోనని ఆవిడ. గడియ తియ్యలేదు, నడక ఆగలేదు. ఆరోజు గుళ్ళో ప్రదక్షిణలు చేస్తూ సీతారత్నం కళ్ళు తుడుచుకుంటుంటే, పక్కనున్న ఆవిడ భక్తి అనుకుని చెంపలు వేసుకుంది.

ఆరో శనివారం గేటు దగ్గర ఎవరూ లేరు.

కొబ్బరిమొక్క దగ్గర లేదు. మెట్ల మీద లేదు. తలుపు తాళం వేసి ఉంది, కిటికీ మూసి ఉంది. మాస్టారి గేటు ముందు కడవలున్నాయి గానీ హన్నాగారు కనబడలేదు, మాస్టారు లోపలెక్కడో ఉన్నట్టున్నాడు. పిలిచి అడగొచ్చు. అడగడానికి నోరు రాలేదు. నీళ్ళు కూడా తాగకుండా ముందుకు నడిచింది. మళ్ళీ తిరగబెట్టిందేమో, రాత్రికి రాత్రి రాజమండ్రి తీసుకెళ్ళారేమో, ఇప్పుడు కూడా కబురు రాలేదేమో. ఆ మిగతా దారంతా కాళ్ళు కాలుతున్న సంగతే తెలియలేదు. గుడి చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో లెక్క తప్పింది. తక్కువైతే దోషమని, ఎందుకైనా మంచిదని మరి కొన్ని తిరిగింది. స్వామి ఎదట నిలబడ్డాక అలవాటు ప్రకారం అందరి పేర్లూ చెప్పాలి. ఒక్క మాటే వచ్చింది. గేటు దగ్గర ఎందుకు లేదు స్వామీ. వెనకాల ఉన్న జనం తోసేశారు.

తిరిగొచ్చేటప్పుడు తులసి ఇల్లు దగ్గరపడింది. గంగబాబు ఎప్పట్లాగే బండి నెమ్మది చేశాడు.

"ఆపండి," అంది సీతారత్నం.

ఆ మాట కోసం ఆయన నాలుగేళ్ళుగా కాచుకున్నాడు. ఎంత గట్టిగా బ్రేకు వేశాడంటే ఆవిడ ఆయన వీపుకి గుద్దుకుంది. దిగి, గడియ తీసి, లోపలికి వెళ్ళింది. బొట్టు పెట్టి పిలవలేదు, ఫోన్లో పిలవలేదు, అసలు పిలిచే మనిషే ఇంట్లో లేదు. వెళ్ళి వీధి మెట్టు మీద కూర్చుంది.

గేటు చప్పుడు విని దానియేలు మాస్టారు ప్రహరీ మీదుగా తొంగి చూశాడు. కంగారేం లేదండి, పరీక్షలకని హన్నా రాజమండ్రి తీసుకెళ్ళిందండి, సాయంత్రానికి వచ్చేత్తారు అని చెప్పాడు. సీతారత్నం గుండె కుదుటపడింది. ఇక అక్కడ కూర్చోవడానికి సాకు లేదు. ఇప్పుడు లేచి వెళ్ళిపోయినా ఎవరికీ తెలియదు, మాస్టారు నలుగురిలో చెప్పే మనిషి కాదు. గంగబాబు బండి స్టార్టు చెయ్యాలో వద్దో తెలియక తాళం పట్టుకుని చూస్తున్నాడు.

"మీరెళ్ళి భోంచెయ్యండి. నేను ఉంటాను," అంది ఆవిడ.

"ఆయ్," అన్నాడు గానీ ఆయన కదల్లేదు. భోజనం వేళకి గంగబాబు కదలకపోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

కూర్చున్న మనిషి ఊరికే కూర్చుంటుందా. ఇల్లంతా కళ్ళతోనే తనిఖీ చేసింది. గుమ్మానికి మామిడి తోరణం ప్లాస్టిక్‌ది. గడపకి పసుపు రాసి ఎన్నాళ్ళయిందో. వాకిట్లో రాలిన మట్టలు అలాగే ఉన్నాయి. ఎవరున్నారు దానికి, మొగుడు వచ్చి చూసి మళ్ళీ మస్కట్ వెళ్ళిపోయాడు. మూల ఉన్న చీపురు తీసుకుని వాకిలంతా తుడిచింది, కుళాయి దగ్గర బిందెలు నింపింది, గంగబాబుని కొట్టుకి పంపి పసుపు తెప్పించి గడపకి రాసింది. నాలుగేళ్ళ కిందట గృహప్రవేశానికి ముందురోజు చెయ్యాల్సిన పనులన్నీ ఆరోజు చేసింది.

ఎండ తగ్గాక ఆటో వచ్చింది. హన్నాగారి చెయ్యి పట్టుకుని తులసి దిగింది. వాకిలి చూసింది, గడప చూసింది, మెట్టు మీద అక్కని చూసింది. మెల్లగా నడిచి, అక్క పక్కనుంచే మెట్లెక్కి, తాళం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇంతమందికి తీర్పులు చెప్పిన నోటికి ఈ వేళ తీర్పు తగులుతోందనుకుంది సీతారత్నం.

తులసి కుంకం భరిణతో బయటికొచ్చింది. వంగలేక వంగి అక్కకి పెట్టిన బొట్టు నుదుటి మధ్యలో కాకుండా కనుబొమ మీదకి జారింది.

"అక్కా, మేం కొత్తిల్లు కట్టుకున్నాం. గృహప్రవేశానికి నువ్వూ బావగారూ తప్పకుండా రావాలి."

సీతారత్నానికి శాస్త్రం శాస్త్రమే.

"ఇంట్లో కూర్చున్నదానికి బొట్టెట్టి పిలవడం ఎక్కడి మర్యాదే?"

తులసి నవ్వబోయి కడుపు పట్టుకుంది, కుట్లు లాగాయి. సీతారత్నం గభాల్న లేచి దాన్ని పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టింది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. చెప్పకుండా ఇంటికెళితే ఇక ఎప్పటికీ చెప్పలేనని ఆవిడకి తెలుసు.

"పిలుపు అక్కర్లేని చోటికి నేను రాలేదు తులసీ. రావులపాలెం బస్టాండు దాకా వచ్చేను. బస్సెక్కలేదు. నువ్వు ఆపరేషన్ బల్ల మీదున్నావు, నేను ఎవరో ఏదో అంటారని బెంచీ మీద కూర్చున్నాను."

"తెలుసక్కా. బావగారు చూసేరంట, ఆయన మార్కెట్టు అక్కడే కదా. నాకు తెలివొచ్చేక చెప్పేరు."

సీతారత్నం గేటు వైపు తిరిగి చూసింది. గంగబాబు మోపెడ్ చక్రంలో గాలి ఉందో లేదో చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఇంటికొచ్చేక కూడా నేను మంచం దిగలేదక్కా," అంది తులసి. "నడవమని డాక్టరుగారు రోజూ తిట్టేవోరు. నొప్పికి నాకు ఏడుపొచ్చేసేది. ఓ శనివారం పొద్దున్నే బావగారు ఫోన్ చేసి, మీ అక్క నడిచొత్తంది, మీ ఇంటి ముందునించే వెళ్తది అన్నారు. గోడ పట్టుకుని కిటికీ దాకా వచ్చేను. మళ్ళా వారం గుమ్మం దాకా. ఆ మళ్ళా వారం మెట్లు దిగేను. నువ్వు వాడపల్లికి నడిచేవు. నేను గేటు దాకా నడిచేనక్కా."

సీతారత్నం కిటికీ నుంచి గేటు దాకా చూసింది. అయిదు వారాలుగా పొగరని తిట్టుకున్న అడుగులు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. చెల్లెల్ని ఒళ్ళోకి లాక్కుని, చిన్నప్పుడు జడ వేసేటప్పటిలా వెనకనుంచి దాని తల మీద గడ్డం ఆనించి, వెక్కివెక్కి ఏడ్చింది. హన్నాగారు చూడనట్టు ఆటో అబ్బాయితో మాటల్లో పడ్డారు. ఆ రాత్రి ఆ ఇంట్లో పొయ్యి సీతారత్నమే వెలిగించింది. గంగబాబు ఈసారి పప్పుచారు దాచుకోకుండా తిన్నాడు.

ఏడో శనివారం సీతారత్నం కాలవ గట్టు మీదుగా వచ్చేసరికి తులసి గేటు లోపల లేదు. బయట, రోడ్డు మీద, చెప్పులు లేకుండా నిలబడి ఉంది. వాడపల్లి దాకా రాలేనక్కా, మాస్టారి కడవల దాకా వత్తాను అంది. కడవలు పక్కింటి ముందే ఉన్నాయి. డాక్టరు ఒప్పుకున్నాడా అని అక్క అడిగింది. దేవుడి దగ్గరికెళ్ళడానికి డాక్టరు పిలుపెందుకని చెల్లెలు అంది. ఎవరి కోసం నడుస్తున్నావని మాత్రం అక్కని అడగలేదు.

తోటివాళ్ళు గోవిందా అంటూ ముందుకెళ్ళిపోయారు. ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని బయల్దేరారు. తులసి ఒక అడుగు వేసి ఆగేది, సీతారత్నం కూడా ఆగేది. పొద్దెక్కుతోంది, తారు వేడెక్కుతోంది, దర్శనం వరస పెరిగిపోతూ ఉంటుంది. ఆవిడ తొందరపడలేదు. ఏడు వారాల్లో ఆవిడ అంత నెమ్మదిగా నడిచింది ఆ ఒక్క ఇంటి దూరమే.

ముందుకెళ్ళి టీకొట్టు దగ్గర కాచుకోవాల్సిన గంగబాబు ఎందుకో వెనకే ఉండిపోయాడు. కాసేపు చూసి, ఇంజను ఆపేసి, చెప్పులు విప్పి హ్యాండిలుకి తగిలించి, మోపెడ్ నెట్టుకుంటూ వాళ్ళ వెనక నడిచాడు.